విశాఖలో సాక్ష్యం: పుట్టుపూర్వోత్తరాలు

ఒక ప్రార్థనను నాలుగు లక్షల సార్లు జపిస్తే శాశ్వతానందం దొరుకుతుందని సుబ్బరాయర్‌కి ఒక పెద్ద బ్రాహ్మణుడు చెప్పాడు. సుబ్బరాయర్ పద్దులు రాసే మనిషి. టిప్పు సుల్తాన్ సైన్యంలో ఒక రెజిమెంటు లెక్కలు చూశాడు. 1799లో టిప్పు పోయాక ఒక ఇంగ్లిషు అధికారి దగ్గర అదే పనిలో కుదిరాడు. గుళ్లో కూర్చుని జపం మొదలుపెట్టి, చెప్పిన సంఖ్యకు ఒకటి తగ్గకుండా, ఇంకాస్త ఎక్కువే అయ్యేలా చూసుకున్నాడట. లెక్కల మనిషి జాగ్రత్త అలాగే ఉంటుంది మరి! ఆరు నెలలు పట్టింది. అంటే రోజుకి రెండు వేలకు పైమాటే. అంతా అయ్యాక చూసుకుంటే మనసుకి ఊరట మాత్రం లేదు. ఇక ఇంటికి పోయి మునుపటిలా బతుకుదామని బయల్దేరాడు.

దారిలో ఒక రోమన్ కథోలిక క్రైస్తవుడు కలిసి మాటలు కలిపాడు, తెలుగులో ఉన్న రెండు మత గ్రంథాలు చేతిలో పెట్టాడు. ఇది ప్రొటెస్టెంట్ మిషనరీలు తెలుగునేల మీద అడుగు పెట్టకముందు సంగతి. అప్పటికే తెలుగులో క్రైస్తవ రచనలు ఉన్నాయన్నది చాలామంది మరిచిపోయే విషయం. 18వ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనం’ అనే కావ్యం రాశాడు. సుబ్బరాయర్ చేతికి వచ్చిన రెండు పుస్తకాల పేర్లు కథలో లేవు గానీ, వాటిని శ్రద్ధగా చదివాడని ఉంది. చదివి ఒక ఫాదరీ దగ్గరికి వెళ్తే ఆయన నమ్మలేదు, ముందు ఇంటికి పోయి రమ్మన్నాడు. ఇంటిల్లిపాదీ హడలిపోయారు. డబ్బు ఇస్తామన్నారు, ఆస్తి పెత్తనమంతా నీదే అన్నారు. ఇతను వినలేదు. భార్యను కూడా వదిలి మళ్లీ ఫాదరీ దగ్గరికే వెళ్లి, జంధ్యం తీసిస్తాను, పిలక కోసుకుంటాను అన్నాడు. అప్పుడు గానీ ఆయన బాప్తిస్మం ఇవ్వలేదు. సుబ్బరాయర్ ఆనందరాయర్ అయ్యాడు.

అక్కడితో కథ సుఖాంతం కాలేదు. ఇంకా మంచి గురువులు ఉంటారని పంపితే పాండిచ్చేరి వెళ్లాడు. అక్కడ చాలా విషయాల్లో నిరాశ ఎదురైంది. అయితే వదిలి వచ్చిన భార్య బంధువుల మధ్య నానా అగచాట్లు పడి, చివరికి తనే నిశ్చయించుకుని వచ్చి అక్కడ కలిసింది. గుళ్లలో విగ్రహాలు మొదటినుంచీ అతనికి నచ్చేవి కావు, దాని మీద ఫాదరీలతో వాదన వేసుకునేవాడు. విగ్రహాలు లేని సంఘం తరంగంబాడిలో ఉందని విని అక్కడికి చేరాడు. వాళ్లూ మొదట అనుమానించారు, నెలల తరబడి మాట్లాడి చూశాకే సంస్కారపు బల్లలో చేర్చుకున్నారు. అక్కడే మొదటిసారి బైబిలు చూశాడు. తమిళం నుంచి తెలుగులోకి తిప్పడం మొదలుపెట్టాడు. మద్రాసులోనో తంజావూరులోనో ఉద్యోగం ఇప్పిస్తామంటే వద్దని, విశాఖపట్నంలో కొత్తగా దిగిన మిషనరీల గురించి విని, అటు బయల్దేరాడు.

ఈ కథను క్లాడియస్ బుకానన్ 1811లో వేసిన ‘క్రిస్టియన్ రీసెర్చెస్ ఇన్ ఏషియా’లో చదవొచ్చు. విశాఖకు సంబంధించి ఒక తెలుగువాడి విశ్వాస యాత్ర ఇంత వివరంగా అచ్చులోకి ఎక్కిన తొలి సందర్భాల్లో ఇదొకటి. అతని సొంత ఊరు పేరు కూడా అందులో ఉంది, ఇంగ్లిషు స్పెల్లింగులో. చూస్తే ఇప్పటి నంద్యాల జిల్లాలోని నొస్సంలా ఉంది.

ఆ కథలో ఆనందరాయర్ ఎక్కడా ‘నేను’ అనడు. చెప్పింది మిషనరీలు, అచ్చేసింది బుకానన్, చదివింది ఇంగ్లండు జనం. ఆనందరాయర్ మొదటినుంచి చివరిదాకా ‘అతడు’. ఈ ‘అతడు’ ‘నేను’గా మారడానికి ఎంత కాలం పట్టింది, ఏ దారిన మారింది? నాకు ఆసక్తి అక్కడే.

ఆనందరాయర్ వెతుక్కుంటూ బయల్దేరిన ఆ విశాఖ మిషనరీలు ఇద్దరు: జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్. లండన్ మిషనరీ సొసైటీ పంపగా 1805 జులైలో వచ్చారు. డాల్ఫిన్స్ నోస్ కొండ అప్పుడూ ఇలాగే సముద్రంలోకి పొడుచుకుని ఉండి ఉంటుంది. హార్బరు మాత్రం 1933 దాకా లేదు. ఊరంటే కోట, దాని చుట్టూ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు, సిపాయిలు, వర్తకులు. కంపెనీకి మిషనరీలంటే గిట్టదు. మతం పేరు చెప్పి జనాన్ని కదిలిస్తే వ్యాపారం చెడుతుందని దాని భయం. మరుసటి ఏడాది 1806లో వేలూరులో సిపాయిలు తిరగబడేసరికి ఆ భయం ఇంకా పెరిగింది. 1813 చార్టర్ చట్టం వచ్చేదాకా మిషనరీల ఉనికి కంపెనీ దయాదాక్షిణ్యాల మీదే ఉండేది. అందుకే వీళ్లు కోటలో ఇంగ్లిషువాళ్లకు ఆరాధన నడుపుతూ, ఊరి పిల్లలకు బడి పెట్టి, మెల్లగా తెలుగు నేర్చుకున్నారు.

వీళ్లకు ఇంకో పని కూడా ఉండేది. మిషనరీ అన్నవాడు దినచర్య రాసి లండన్‌కి పంపాలి. ఓడ ఎక్కిన కాగితం నెలలకు గానీ చేరేది కాదు. చేరినవాటిలో కొన్ని ‘ఇవాంజెలికల్ మ్యాగజైన్’ వంటి పత్రికల్లో అచ్చయ్యేవి, ఇంగ్లండులో చందాలిచ్చేవాళ్లు చదివేవారు. ఆ సొసైటీ కాగితాలు ఇప్పుడు లండన్ విశ్వవిద్యాలయంలోని సోయాస్ గ్రంథాలయంలో ఉన్నాయి. నన్నడిగితే విశాఖలో కూర్చుని తన విశ్వాసాన్ని తాను పరీక్షించుకుంటూ రాసిన రాతలకు మూలం అక్కడుంది. రాత్రి పూట మనసు తడిమి చూసుకుని కాగితం మీద పెట్టడం ప్రొటెస్టెంట్లకు పాత అలవాటు. జాన్ బనియన్ 1666లోనే తన పశ్చాత్తాప కథ అచ్చేశాడు. మనకు ‘యాత్రికుని ప్రయాణం’గా తెలిసిన పుస్తకం రాసిన బనియనే. జాన్ వెస్లీ దినచర్య సంపుటాలుగా వచ్చింది. ఆ అలవాటు క్రాన్, డెస్ గ్రాంజెస్‌లతో పాటే ఓడ దిగింది. అయితే అది ఇంగ్లిషులో దిగి, ఇంగ్లిషులోనే తిరిగి వెళ్లిపోయింది. విశాఖ వీధుల్లో ఒక్కరికీ అది చదివే వీలు లేదు.

తెలుగులో మిగిలింది వాళ్ల అనువాదం. ఆనందరాయర్ వచ్చాక సువార్తల పని ఊపందుకుంది. క్రాన్ 1809 జనవరిలో శ్రీకాకుళంలో చనిపోయాడు. డెస్ గ్రాంజెస్ 1810 జులైలో పోయాడు. విశాఖలో దిగిన అయిదేళ్లకే ఇద్దరూ లేకుండా పోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు మాత్రం 1812లో సెరంపూర్‌లో అచ్చయ్యాయి. అదే ఏడాది మార్చిలో సెరంపూర్ ముద్రణాలయం తగలబడి దేశభాషల అచ్చులు, రాతప్రతులు ఎన్నో బూడిదయ్యాయి.

    

అంతకుముందు బెంజమిన్ షుల్జ్ 1730ల నాటికే తెలుగు బైబిలు రాసిపెట్టుకున్నా అది అచ్చుకు నోచుకోలేదు. కాబట్టి జనం చేతికి అందిన తెలుగు సువార్త విశాఖ పెట్టిన భిక్షే. తర్వాత ఎడ్వర్డ్ ప్రిచెట్ విశాఖలోనే కొత్త నిబంధన మొత్తం తెలుగు చేస్తే 1818లో మద్రాసులో అచ్చయింది. 1840లో వచ్చిన జాన్ హే అర్ధ శతాబ్దం ఈ ఊళ్లోనే ఉండి ఆ తెలుగును సానపట్టే పనిలో గడిపాడు. మొదటి అనువాదాల్లో తెలుగు మాటలు ఉన్నా తెలుగు నడక ఉండదు. మునిషీ ఒకటి చెబితే దొర ఒకటి దిద్దినట్టు తెలిసిపోతుంది.

ఇక ‘నేను’. ఇది వచనంలోనుంచి రాలేదు, పాటలోనుంచి వచ్చింది.

పురుషోత్తమ చౌదరి 1803లో పుట్టాడు. బ్రాహ్మణ కుటుంబం, పర్లాకిమిడి ప్రాంతంలో పెరిగినవాడు, సంస్కృతం, తెలుగు బాగా వచ్చినవాడు. క్రైస్తవ కరపత్రాలు, సువార్తలు చదివి, శ్రీకాకుళంలో ఉన్న హెలెన్ నాట్ అనే ఆమెతో మాట్లాడి, 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నాడు. 1890లో చనిపోయేలోపు నూరుకు పైగా కీర్తనలు రాశాడు. మిషనరీలు అప్పటిదాకా చేసింది ఇంగ్లిషు పాటను తెలుగు చేసి ఇంగ్లిషు బాణీలోనే పాడించడం. పాడేవాళ్ల నోరు తిరిగేది కాదు, తిరిగినా మనసు తిరిగేది కాదు. చౌదరి వాళ్ల బాణీ పక్కన పెట్టి రాగం, తాళం కట్టాడు. పల్లవి, చరణాలు పెట్టాడు. త్యాగరాజు బతికి ఉన్న కాలం అది. రామదాసు కీర్తనలు ఇంటింటా మోగుతున్న కాలం. దేవుణ్ణి నిలదీయడం, బతిమాలుకోవడం, నా పాపం ఇదీ అని ఏకరువు పెట్టుకోవడం, నన్నెందుకు పట్టించుకోవని అలగడం తెలుగువాడికి కొత్త కాదు. బనియన్ దగ్గర నేర్చుకోనక్కర్లేదు. రామదాసు ఉన్న గోల్కొండ జైలు గోడల దగ్గరే నేర్చుకున్నాడు. ఆ పాత ‘నేను’ను చౌదరి క్రీస్తు ముందు నిలబెట్టాడు.

విశాఖ ఊళ్లోనే అలాంటివాడు ఇంకొకడు తయారయ్యాడు. పులిపాక జగన్నాథం మిషన్ బడిలో చదువుకున్న బ్రాహ్మణ కుర్రాడు. 1847లో బాప్తిస్మం పొంది, తర్వాత పాదిరి అయ్యాడు. ఆయన కీర్తనలూ పాటల పుస్తకంలో ఉన్నాయి.

ఆ పుస్తకం ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’. క్రైస్తవుల ఇళ్లలో బైబిలు పక్కన ఉండేది అదే. తెరిచి చూడండి. కీర్తన సంఖ్య, దాని కింద రాగం, తాళం. పల్లవి తర్వాత ఒక్కో చరణం చివర రెండు నిలువు గీతల మధ్య పల్లవిలోని మొదటి మాట. చాలావాటికి రచయిత పేరు ఉంటుంది. ఎన్నో కీర్తనలు గద్దెనెక్కి చెప్పే ప్రసంగంలా కాకుండా ఒక మనిషి గొంతుతో మాట్లాడతాయి. భయపడతాడు, జారిపోతాడు, మళ్లీ పట్టుకుంటాడు. విశ్వాసం గురించి తనలో తాను ఆలోచించుకున్న మనిషి రాత ఇది. చందాదారుడి కోసం రాసింది కాదు. కాబట్టే ఆనందరాయర్ కథను బుకానన్ పుస్తకంలో వెతుక్కోవాల్సి వస్తే, చౌదరి మాటలు నూటయాభై ఏళ్ల తర్వాత కూడా నోటికి వస్తున్నాయి.

వచనం వెనకబడిందని అనడం కూడా పూర్తిగా నిజం కాదు. 1835లో బళ్లారి క్రైస్తవులు తెచ్చిన ‘సత్యదూత’ను కొందరు పరిశోధకులు తొలి తెలుగు పత్రికగా లెక్కిస్తారు. కెనడియన్ బాప్టిస్టులు కాకినాడ నుంచి ‘రవి’ నడిపారు. లండన్ మిషన్ వదిలిన విశాఖ పని 20వ శతాబ్దం తొలినాళ్లలో వాళ్ల చేతికే వచ్చింది. కథోలికులదీ పాత చరిత్రే. ఇప్పటి ఫ్రాన్సులోని ఆనెసీ నుంచి వచ్చిన సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ ఫాదర్లు 1840ల్లో ఇక్కడ అడుగుపెట్టారు, 1847 నాటి సెయింట్ అలోషియస్ బడి ఇంకా నడుస్తోంది. అయినా సొంత విశ్వాసం గురించి సొంత మాటల్లో రాయాల్సి వచ్చినప్పుడు తెలుగు క్రైస్తవుడు పద్యమో పాటో పట్టుకున్నాడు. జాషువానే చూడండి. ఆత్మకథ ‘నా కథ’ పద్యాల్లో రాశాడు. 1964లో సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చిన ‘క్రీస్తు చరిత్ర’ కూడా పద్యమే.

మళ్లీ విశాఖకు వస్తే, 1933లో రేవు తెరుచుకుంది. తర్వాత నౌకాదళం, షిప్‌యార్డు. 1966 ఉద్యమం, ప్రాణత్యాగాల తర్వాత ఉక్కు కర్మాగారం. పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లతో పాటు వాళ్ల సంఘాలూ వచ్చాయి: బాప్టిస్టు, లూథరన్, పెంతెకోస్తు, ఇంకా పేరు లేనివి ఎన్నో. రాస్‌హిల్ మేరీమాత గుడి మెట్ల మీంచి చూస్తే కింద ఓడలు, క్రేన్లు. ఉక్కునగరం వైపు షిఫ్టు చూసుకుని కూడికలు పెట్టుకునే కుటుంబాలు. ఈ కూడికల్లో వినపడేది నోటి సాక్ష్యం. ఒకరు లేచి నిలబడి తమ బతుకులో దేవుడు చేసిన మేలు చెబుతారు.

విని విని నాకు పట్టుబడిన సంగతేమిటంటే, ఇప్పటి సాక్ష్యాలకు ఒక మూస పడిపోయింది. ముందు తాగుడో రోగమో అప్పో, ఒక రాత్రి ప్రార్థన, మర్నాటి నుంచి అంతా బాగు. మధ్యలో అనుమానం లేదు, ఆలస్యం లేదు. ఆనందరాయర్‌ని ఇద్దరు గురువులు నమ్మలేదు, పాండిచ్చేరి నచ్చలేదు, విగ్రహాల మీద పేచీ పెట్టుకున్నాడు. అది మిషనరీలు తమ ప్రచారం కోసం రాసిన కథే. అయినా అందులో అవన్నీ దాచలేదు. చౌదరి కీర్తనల్లో పడిపోవడమూ ఉంది, దేవుడు పలకకపోవడమూ ఉంది. ఈ మధ్య కుర్రాళ్లు గిటారు, కీబోర్డు పెట్టి కడుతున్న పాటల్లో ‘నేను’ ఇంకా ఎక్కువైంది, పడిపోవడం తగ్గింది. పాత కీర్తనల పైన ఉన్న రాగం పేరు చదివి శ్రుతి అందుకునేవాళ్లు సంఘానికి ఇద్దరు ముగ్గురు మిగిలారు. మిగతావాళ్లు ఆ రెండు లైన్లు దాటేసి నేరుగా పల్లవిలోకి వెళ్తున్నారు.