ఊరుమ్మడి బయళ్లు

ఊరి చరిత్ర వ్రాయబూనినవారు గుడులను గూర్చి, కోటలను గూర్చి, ఏలిన వంశములను గూర్చి వ్రాయుదురు. ఎవ్వరి సొత్తును గాక అందరి సొత్తుగా నిలిచిన బయలును గూర్చి వ్రాసినవారు అరుదు. అందు శిల్పము లేదు, శాసనము లేదు. కనుక చరిత్రయు లేదని మన మనుకొందుము. ఉన్నది. అది రెవెన్యూ దఫ్తరములలో దొరకును.

మంథనిని దృష్టియందుంచుకొని ఈ విషయమును విచారింతము. గోదావరి దక్షిణతీరమున వెలసిన ఈ ఊరు వేదవిద్యకు పేరుగన్నది. కాకతి గణపతిదేవుని తొలినాళ్లకు చెందిన 1199 నాటి శాసన మిచ్చటిదే. ఇట్టి ప్రాచీనపు టూరిలో ‘పార్కు’ అను మాట యెవ్వరికి నవసరము కాలేదు. నదీతీరము, గౌతమేశ్వరుని సన్నిధి, చెరువుకట్ట, దసరానాడు జమ్మికై నడచు దారి, ఆడపడుచులు బతుకమ్మ లాడు జాగ, పసులమంద నిలుచు తావు, పిల్లలు చిర్రగోనె యాడుకొను చదును - ఇవియే ఆనాటి విహారస్థలములు. వీనిని కాపాడినది చట్టము గాదు, వాడుక. పండుగకో పశువునకో ఏటేట అక్కరపడు నేలను ఒక్కడు దున్నుకొనబోయిన, ఊరంతయు అడ్డుపడెడిది.

ఈ వాడుక వ్రాత కెక్కినది సాలార్‌జంగు సంస్కరణల తరువాత. 1865లో జిలాబందీ జరిగెను. పిమ్మట బొంబాయి పద్ధతి ననుసరించి నిజాము రాజ్యమున భూములకు సర్వే, బందోబస్తు సాగెను. 1317 ఫసలీలో, అనగా 1907-08 ప్రాంతమున, హైదరాబాదు భూమిశిస్తు చట్టము వచ్చెను. సర్కారు భూమిలో కొంత పశువుల మేతకును, గడ్డికిని, ఇతర ప్రయోజనములకును ప్రత్యేకించి యుంచుటకు అది అధికారుల కధికార మిచ్చెను. అట్లుంచిన భూమిని అనుమతి లేక వేరొక పనికి వాడరాదు. గైరాను, బంచరాయి, శిఖము, ఖారిజ్‌ఖాతా అను మాటలు నేటికిని మన రైతుల నోట వినబడుచున్నవి. చదువురాని రైతుకును శిఖమన చెరువు మునక నేలయనియు, బంచరాయియన మేతబీడనియు తెలియును. చట్టపు భాష జనభాషలో నింతగా కలిసిపోవుట యరుదు.

నగరము కథ వేరు. 1908 సెప్టెంబరులో మూసీ వరదకు హైదరాబాదు అతలాకుతలమైన పిమ్మట, 1912లో నగరాభివృద్ధి సంస్థ యేర్పడెను. ఇరుకు బస్తీలను సవరించుట, వీథులను వెడల్పుచేయుట దాని పనులు. అచ్చట బయలు లేకపోవుటచేత బయలును కల్పింపవలసి వచ్చెను. మంథని వంటి చోట్ల ఉన్న బయలును నిలుపుకొనుటయే సమస్య.

అది నిలువలేదు. ఇందులకు కారణ మాక్రమణ యొక్కటే యనుట న్యాయము గాదు. స్వాతంత్ర్యానంతరము భూమిలేని పేదలకు సర్కారు భూములు పంచిరి. అందు మేతబీడులును కలవు. ఆకలిగొన్నవానికి ఎకరము నేల యిచ్చుట తప్పని మన మనజాలము. కాని ఆ త్రోవనే పలుకుబడి గలవారును జొరబడిరి. తప్పక చెప్పవలసిన మాట యిది.

2002లో గ్రామపంచాయతీల లేఅవుటు నియమములు వచ్చెను. వాని ప్రకారము, భూమిని ప్లాట్లుగా విభజించువాడు మొత్తము విస్తీర్ణములో కనీసము 10 శాతము బయలుగా విడిచి, దానిని వెల లేకయే పంచాయతీకి అప్పగింపవలెను. మంచి నియమమే. అయిన అనుమతి లేని లేఅవుట్లు విరివిగా వెలసెను. వానిని క్రమబద్ధము చేయుటకై తెలంగాణమున 2015లోను, 2020లోను పథకములు వచ్చెను. బయలు విడువనిచోట దానికి బదులు ప్లాటు విలువలో 14 శాతము రుసుము చెల్లింపవచ్చునని 2020 నాటి పథకము చెప్పెను. ఇచ్చటనే మన మొకింత ఆగవలెను. రుసుముతో ఖజానా నిండవచ్చును. ఇండ్ల నడుమ పిల్లలాడుకొను చోటు మాత్రము మరల పుట్టదు.

న్యాయస్థానము లీ తేడాను గుర్తించినవి. బెంగుళూరులో పార్కునకై ఉంచిన స్థలమును ప్రైవేటు ఆసుపత్రికి కేటాయించుట చెల్లదని సుప్రీంకోర్టు 1991లో తీర్పు చెప్పెను. ఊరుమ్మడి భూముల ఆక్రమణలను తొలగింపవలెనని 2011లో, పంజాబునకు చెందిన జగ్‌పాల్‌సింగు వ్యాజ్యమున, ఆ న్యాయస్థానమే రాష్ట్రముల నాదేశించెను. 2020లో పల్లె ప్రకృతివనములును, 2022లో క్రీడాప్రాంగణములును తెలంగాణపు టూళ్లలో తలపెట్టినప్పుడు, సర్కారు జాగ ఎక్కడ మిగిలినదా యని వెదుక మొదలిడిరి. తాతల నాటి బంచరాయి నిలుపుకొన్న ఊరికి ఆ వెదకులాట తప్పినది.

మంథని 2016లో కరీంనగరు నుండి పెద్దపల్లి జిల్లాలో చేరెను. 2018లో పురపాలక సంఘమయ్యెను. పంచాయతీ నాటి బయళ్లు, పటములు, వానితోడి తగవులు, అన్నియు పురపాలక సంఘమునకు సంక్రమించినవి. లేఅవుటులో విడిచిన స్థలము పటమున ఆకుపచ్చరంగుతో నున్నంత మాత్రమున చాలదు. దాని దానపత్రము సంఘము పేర రిజిస్ట్రీ కావలెను, హద్దురాళ్లు నాటవలెను. 2015 నాటి గోదావరి పుష్కరముల తరువాతివి 2027లో వచ్చును. అప్పుడు వచ్చు జనము బండ్లు నిలుపుకొనుటకును, వండుకొని తినుటకును కావలసిన మైదానము ఏ లేఅవుటు పటమునను ఉండదు. రేవునకు పోవు దారిప్రక్కన, పహాణీలో సర్కారు భూమిగా మిగిలినదే దానికి దిక్కు.