మెషీన్ల కోసం రాసిన రూల్, మనుషులకి ఎందుకు పెట్టారు?

ఈరోజు ఎపిసోడ్ ఆన్‌లైన్ మర్యాద గురించి. క్లాస్ పీకను, హిస్టరీ చెప్తాను. నెట్‌లో కొట్లాటలు సోషల్ మీడియాతోనే మొదలయ్యాయని చాలామంది అనుకుంటారు. కాదండి. 40 ఏళ్ల కిందట, నెట్‌లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది యూనివర్సిటీ వాళ్లే అయినప్పుడు కూడా ఈ సమస్య ఉంది.

1982కి వెళ్దాం. అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ. కంప్యూటర్ సైన్స్ వాళ్లు మాట్లాడుకోవడానికి ఒక ఆన్‌లైన్ బోర్డు ఉండేది. అందులో ఒకాయన సరదాకి, ఫిజిక్స్ ప్రయోగం వల్ల ఒక లిఫ్ట్‌లో పాదరసం ఒలికిందని వార్నింగ్ పెట్టాడు. కొందరు నిజమే అనుకున్నారు! దాంతో జోకులకి ఏదో ఒక గుర్తు ఉండాలని చర్చ మొదలైంది. సెప్టెంబర్ 19న స్కాట్ ఫాల్‌మన్ అనే ఆయన కోలన్, గీత, బ్రాకెట్ వరసగా పెట్టి, తల పక్కకి వంచి చూడమన్నాడు. నవ్వే ముఖం! ఇప్పుడు మనం రోజూ పంపే ఇమోజీలకి అది తాత లాంటిది.

అంటే అక్కడ ఎవరూ చెడ్డవాళ్లు కాదు. రాసిన మాటలో గొంతు వినిపించదు, ముఖం కనిపించదు. అసలు సమస్య అదే.

ఆ రోజుల్లోనే యూజ్‌నెట్ అని ఒక పెద్ద చర్చల నెట్‌వర్క్ ఉండేది. మన తెలుగువాళ్లకి కూడా తర్వాత అందులో ఒక గ్రూప్ వచ్చింది, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకునేవారు. ఏటా సెప్టెంబర్‌లో కాలేజీల్లో కొత్త బ్యాచ్ చేరేది, యూజ్‌నెట్‌లోకి వచ్చి నానా గోల చేసేది. సీనియర్లు ఓపిగ్గా పద్ధతులు నేర్పేవారు. కొన్నాళ్లకి అంతా సర్దుకునేది. 1993 తర్వాత మామూలు జనానికి కూడా కనెక్షన్లు దొరకడంతో, వచ్చేవాళ్ల వరద ఇక ఆగలేదు. నేర్పేవాళ్లు సరిపోలేదు. అందుకే ఆ కాలానికి 'ముగియని సెప్టెంబర్' అని పేరు పడింది.

ఇప్పుడు నాలాంటి ఇంజినీర్లకి బాగా నచ్చే పార్ట్. ఇంటర్నెట్ ఎలా పనిచేయాలో చెప్పే డాక్యుమెంట్లని ఆర్‌ఎఫ్‌సీలు అంటారు. అదే సిరీస్‌లో 1995 అక్టోబర్‌లో 1855 నంబర్‌తో ఒకటి వచ్చింది. రాసింది ఇంటెల్‌లో పనిచేసే శాలీ హాంబ్రిడ్జ్. సబ్జెక్ట్ ఏంటో తెలుసా? నెట్‌లో మర్యాద! అన్నీ క్యాపిటల్ లెటర్స్‌లో రాస్తే అరిచినట్టు ఉంటుందని అందులో ఉంది. కోపంలో ఉంటే రాత్రంతా ఆగి రిప్లై ఇవ్వమని కూడా ఉంది.

ఇంకో సలహా: పంపేటప్పుడు జాగ్రత్తగా ఉండు, తీసుకునేటప్పుడు ఉదారంగా ఉండు. ఇది నిజానికి మెషీన్ల రూల్. 1981 టీసీపీ డాక్యుమెంట్‌లో జాన్ పోస్టెల్ దాదాపు ఇదే చెప్పాడు. నువ్వు పంపే డేటా పక్కాగా ఉండాలి, అవతలి నుంచి వచ్చేదాంట్లో చిన్న తేడా ఉన్నా అర్థమైతే తీసుకోవాలి. రకరకాల కంప్యూటర్లు ఒకదాంతో ఒకటి మాట్లాడుకోగలిగాయంటే ఈ పద్ధతి కూడా ఒక కారణం.

మన గ్రూపులకి ఇది పెట్టి చూడండి. ఇంటర్ చదివే ఒక అమ్మాయి కోడింగ్ గ్రూప్‌లో తప్పుల ఇంగ్లీషులో డౌట్ అడిగిందనుకోండి. "ముందు గూగుల్ చెయ్ పో" అని ఒకరంటారు, పదిమంది నవ్వే ఇమోజీ పెడతారు. ఆ అమ్మాయి ఇంకెప్పుడూ అడగదు. అది చూసిన ఇంకో ఇరవైమంది కూడా అడగరు. నవ్వినవాళ్లకి పోయేదేం లేదు, నేర్చుకోవాల్సినవాళ్లకే నష్టం.

పైగా తెలుగులో మనకో సౌకర్యం ఉంది. గౌరవం క్రియలోనే ఉంటుంది. "చూడు"కి "ండి" తగిలిస్తే చాలు. "మీరు చెప్పింది నాకు కరెక్ట్ అనిపించలేదండి" అంటే ఒప్పుకోనట్టే, కానీ అవతలి మనిషి ఇంకా మాట్లాడగలడు. వాదన "మీరు" నుంచి "నువ్వు"కి, "నువ్వు" నుంచి "వీడు"కి జారిందంటే, విషయం పక్కకిపోయి మనిషి మీదకి వెళ్లిందని అర్థం.

మన గ్రూపుల్లో సెప్టెంబర్ రోజూ ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లకి సీనియర్లు మనమే. ఈసారి ఎవరైనా సిల్లీ డౌట్ అడిగితే, ఒక్క లైన్ సమాధానం మీరే ఇవ్వండి, చివర్లో "అండి" తగిలించి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.