కళలు, కార్యక్రమాల నిర్వహణ విద్య

కళలు, కార్యక్రమాల నిర్వహణ అనేది నాటకం, సంగీతం, నృత్యం, చిత్రకళ మొదలైన కళలను ప్రజల ముందుకు తీసుకొని రావడానికి, ఉత్సవాలు, ప్రదర్శనలు, సభలు జరపడానికి కావలసిన ప్రణాళిక, ధనసేకరణ, ప్రచారం, చట్టం, భద్రత వంటి విషయాలను బోధించే విశ్వవిద్యాలయ అధ్యయన శాఖ. ఇందులో కార్యక్రమాల నిర్వహణను వాడుకలో ఈవెంట్ మేనేజ్‌మెంట్ అని అంటారు. 20వ శతాబ్దపు రెండవ భాగంలో అమెరికా, బ్రిటన్ దేశాలలో రూపుదిద్దుకొన్న ఈ శాఖ, తరువాత ఆస్ట్రేలియా, కెనడా, ఐరోపా, ఆసియా దేశాలకు విస్తరించింది. ఈ వ్యాసం ముఖ్యంగా బ్రిటన్‌లోని డిగ్రీ చదువును ఆధారంగా చేసుకొని శాఖ స్వరూపాన్ని వివరిస్తుంది.

విషయ పరిధి

కళల నిర్వహణ, కార్యక్రమాల నిర్వహణ మొదట రెండు వేర్వేరు శాఖలు. నాటకశాల, సంగీత బృందం, మ్యూజియం వంటి సంస్థలను ఏళ్ళ తరబడి నడపడం కళల నిర్వహణకు సంబంధించినది. ఈ సంస్థలలో చాలావరకు లాభాపేక్ష లేనివి. ఒక నిర్ణీత కాలంలో మొదలై ముగిసే ఉత్సవం, సమావేశం, వాణిజ్య ప్రదర్శన, క్రీడోత్సవం వంటివాటిని జరపడం కార్యక్రమాల నిర్వహణకు సంబంధించినది. ఒక సంగీతోత్సవాన్ని జరపడానికి ఈ రెండు విద్యలూ అవసరం కాబట్టి కొన్ని విశ్వవిద్యాలయాలు రెండింటినీ కలిపి ఒకే డిగ్రీగా బోధిస్తున్నాయి.

ఈ చదువు కళాకారులను తయారుచేయడానికి ఉద్దేశించినది కాదు. అయితే కళను గురించిన అవగాహన లేనివారు కళా సంస్థను నడపలేరన్న అభిప్రాయంతో కళా చరిత్ర, సౌందర్యశాస్త్రం, సాంస్కృతిక విధానం వంటి అంశాలను కూడా పాఠ్య ప్రణాళికలో చేరుస్తారు.

చరిత్ర

కళల నిర్వహణ

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ప్రభుత్వాలు కళలకు నిధులివ్వడం మొదలుపెట్టడంతో, ఆ నిధులకు లెక్క చెప్పగల నిర్వాహకుల అవసరం ఏర్పడింది. బ్రిటన్‌లో 1940లో ఏర్పడిన యుద్ధకాలపు మండలి స్థానంలో 1946లో గ్రేట్ బ్రిటన్ ఆర్ట్స్ కౌన్సిల్ వెలిసింది. దీని రూపకల్పనలో ప్రధాన పాత్ర వహించిన ఆర్థిక శాస్త్రవేత్త జాన్ మేనార్డ్ కీన్స్, రాజపత్రం వెలువడడానికి కొద్ది నెలల ముందే మరణించాడు. 1947లో ఎడిన్‌బరో అంతర్జాతీయ ఉత్సవం ప్రారంభమయింది. ఆ మొదటి సంవత్సరమే ఎనిమిది నాటక బృందాలు ఆహ్వానం లేకుండా వచ్చి ఊరిలోని ఇతర వేదికలపై ప్రదర్శనలిచ్చాయి. ఎడిన్‌బరో ఫ్రింజ్ ఉత్సవానికి మూలం ఇదే. ఎంపిక చేసి పిలిచే ఉత్సవానికీ, ఎవరైనా వచ్చి ప్రదర్శించగల ఉత్సవానికీ గల భేదాన్ని వివరించడానికి ఈ ఉదాహరణను ఇప్పటికీ తరగతులలో వాడుతుంటారు.

అమెరికాలో 1965లో జాతీయ కళా నిధి ఏర్పాటయింది. 1966లో విలియం బామోల్, విలియం బోవెన్ అనే ఆర్థిక శాస్త్రవేత్తలు నాటక, సంగీత సంస్థల ఆర్థిక స్థితిపై ఒక గ్రంథం ప్రచురించారు. యేల్ విశ్వవిద్యాలయంలో నాటక నిర్వహణ బోధన కూడా 1966లోనే మొదలయింది. 1970లలో లండన్‌లోని సిటీ విశ్వవిద్యాలయం ఈ శాఖకు బ్రిటన్‌లో ముఖ్య కేంద్రమయింది. 1975లో అమెరికాలో కళా పరిపాలన అధ్యాపకుల సంఘం ఏర్పడింది.

కార్యక్రమాల నిర్వహణ

1984 లాస్ ఏంజెలస్ ఒలింపిక్ క్రీడలు ప్రధానంగా ప్రైవేటు ధనంతో జరిగి, 20 కోట్ల డాలర్లకు పైగా మిగులు చూపాయి. భారీ కార్యక్రమాన్ని వ్యాపార పద్ధతిలో నడపవచ్చునన్న నమ్మకం దీనితో బలపడింది. 1994లో వాషింగ్టన్‌లోని జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జో గోల్డ్‌బ్లాట్ ఈ విషయంపై ఒక బోధనా కార్యక్రమాన్ని నెలకొల్పాడు. 1996లో ఇంగ్లాండులోని లీడ్స్ మెట్రోపాలిటన్ విశ్వవిద్యాలయం కార్యక్రమాల నిర్వహణలో డిగ్రీ ప్రవేశపెట్టింది. ఈ విశ్వవిద్యాలయం 2014 నుండి లీడ్స్ బెకెట్ విశ్వవిద్యాలయంగా పిలవబడుతున్నది. కెనడాకు చెందిన డొనాల్డ్ గెట్జ్ రచనలు ఉత్సవాలకూ పర్యాటక రంగానికీ గల సంబంధాన్ని ఒక అధ్యయన విషయంగా నిలబెట్టాయి.

చదువు స్వరూపం

ఇంగ్లాండులో ఆనర్స్ డిగ్రీకి సాధారణంగా మూడు సంవత్సరాలు పడుతుంది. మధ్యలో ఒక సంవత్సరం ఏదైనా సంస్థలో పనిచేసే అవకాశం ఉంటే నాలుగు సంవత్సరాలవుతుంది. మొత్తం 360 క్రెడిట్లు, అనగా ఏడాదికి 120 క్రెడిట్లు పూర్తిచేయాలి.

మొదటి సంవత్సరంలో కళా రంగ పరిచయం, అకౌంట్ల ప్రాథమికాంశాలు, మార్కెటింగ్ ఉంటాయి. రెండవ సంవత్సరంలో విద్యార్థులు బృందాలుగా ఏర్పడి ఒక నిజమైన కార్యక్రమాన్ని జరుపుతారు. వేదిక మాట్లాడుకోవడం, అనుమతులు తెచ్చుకోవడం, టికెట్లు అమ్మడం, లెక్కలు అప్పజెప్పడం అన్నీ వారే చేయాలి. కార్యక్రమం విఫలమైనంత మాత్రాన విద్యార్థి తప్పినట్లు కాదు. విఫలమైన కారణాలను విశ్లేషించి వ్రాసిన నివేదికకు కూడా మార్కులుంటాయి. చివరి సంవత్సరంలో పరిశోధన వ్యాసం గానీ పెద్ద ప్రాజెక్టు గానీ సమర్పిస్తారు.

ముఖ్య పాఠ్యాంశాలు

బడ్జెట్

ఖర్చులను స్థిర, చర వ్యయాలుగా విడదీయడం బడ్జెట్ పాఠంలో మొదటి మెట్టు. హాలు అద్దె, కళాకారుల పారితోషికం, దీపాలు, మైకుల ఖర్చు ప్రేక్షకుల సంఖ్యతో మారవు. ఇవి స్థిర వ్యయాలు. టికెట్ల అమ్మకంపై కమీషన్, ప్రేక్షకులకిచ్చే ఫలహారం వంటివి చర వ్యయాలు. ఉదాహరణకు ఒక కచేరీకి స్థిర వ్యయం 2,40,000 రూపాయలు, టికెట్ ధర 500 రూపాయలు, ఒక్కొక్క ప్రేక్షకునిపై చర వ్యయం 100 రూపాయలు అనుకొందాం. ఒక్కొక్క టికెట్ పై 400 రూపాయలు మిగులుతాయి కాబట్టి, ఖర్చులు రాబట్టుకోవడానికి 600 టికెట్లు అమ్మాలి. హాలులో 800 సీట్లు ఉంటే 75 శాతం నిండాలి. హాలులో 500 సీట్లే ఉన్నట్లయితే అన్నీ అమ్ముడుపోయినా 40,000 రూపాయల నష్టం తప్పదు. ఆ లోటును ప్రాయోజకులు, దాతలు లేదా ప్రభుత్వ సహాయం భర్తీ చేయాలి.

బామోల్ వ్యయ రోగం

బామోల్, బోవెన్ 1966లో ప్రతిపాదించిన వాదన ఈ శాఖకు సైద్ధాంతిక పునాదులలో ఒకటి. యంత్రాల వలన కర్మాగారంలో ఒక కార్మికుడు చేయగల పని ఏటేటా పెరుగుతుంది. కానీ నలుగురు వాద్యకారుల కోసం వ్రాసిన సంగీత రచనను వాయించడానికి రెండు వందల ఏళ్ళ క్రితం ఎందరు, ఎంతసేపు కావలసి వచ్చిందో ఇప్పుడూ అంతే కావాలి. ఇతర రంగాలలో జీతాలు పెరిగిన కొద్దీ వాద్యకారుల పారితోషికం కూడా పెరగక తప్పదు. అందువలన ప్రత్యక్ష ప్రదర్శన ఖర్చు ఇతర వస్తువుల ధరలకంటె వేగంగా పెరుగుతూ పోతుంది. ఈ పరిస్థితికి వ్యయ రోగం అనే పేరు స్థిరపడింది. కళా సంస్థ లోటు బడ్జెట్‌కు నిర్వాహకుని అసమర్థతే కారణం కానవసరం లేదని ఈ సిద్ధాంతం తెలుపుతుంది. రికార్డింగులు, ప్రసారాల ఆదాయం ఈ లోటును కొంత పూడ్చగలదన్నది దీనిపై వచ్చిన విమర్శలలో ఒకటి.

చట్టం, అనుమతులు

ఇంగ్లాండు, వేల్స్ లలో మద్యం అమ్మకం, వినోద కార్యక్రమాలు 2003 లైసెన్సింగ్ చట్టం పరిధిలోకి వస్తాయి. పనివారితో సహా 499 మందికి మించని తాత్కాలిక కార్యక్రమానికి స్థానిక సంస్థకు నోటీసు ఇస్తే సరిపోతుంది. అంతకు మించితే పూర్తి స్థాయి లైసెన్సు కావాలి. 2017లో మాంచెస్టర్ అరీనాలో జరిగిన బాంబు దాడిలో 22 మంది మరణించారు. ఆ తరువాత మృతులలో ఒకరి తల్లి సాగించిన ఉద్యమ ఫలితంగా 2025లో ప్రజా ప్రదేశాల రక్షణకు కొత్త చట్టం ఆమోదం పొందింది. 200 మంది లేదా అంతకు మించి వచ్చే ప్రదేశాలకు కొన్ని బాధ్యతలు, 800 మంది లేదా అంతకు మించి వచ్చే ప్రదేశాలకు అదనపు బాధ్యతలు ఈ చట్టం నిర్దేశించింది.

జనసమూహ భద్రత

ఈ శాఖలో ప్రాణాలతో ముడిపడిన విషయం ఇది. చదరపు మీటరుకు ఇద్దరు ముగ్గురు నిలబడితే మనుషులు స్వేచ్ఛగా కదలగలరు. ఐదుగురిని మించితే ప్రమాదం మొదలవుతుంది. ఏడుగురికి చేరేసరికి సమూహం ద్రవపదార్థం వలె కదులుతుంది, అందులోని వ్యక్తి తన ఇష్టప్రకారం అడుగు వేయలేడు. ఇటువంటి ప్రమాదాలలో మరణాలు ఎక్కువగా కాళ్ళకింద పడి నలగడం వలన కాక, ఛాతీపై ఒత్తిడితో ఊపిరాడకపోవడం వలన సంభవిస్తాయి. అందువలన తొక్కిసలాట అనే మాట నిపుణుల దృష్టిలో కొంత తప్పుదోవ పట్టించేది. అది నేరాన్ని జనం మీదకు నెట్టుతుంది. చాలా సందర్భాలలో అసలు లోపం దారుల ఏర్పాటులోనే ఉంటుంది.

బ్రిటన్‌లో క్రీడా మైదానాల భద్రతకు గ్రీన్ గైడ్ అనే మార్గదర్శిని ప్రమాణం. 1971లో గ్లాస్గోలోని ఐబ్రాక్స్ మైదానంలో 66 మంది మరణించిన తరువాత, 1973లో ఇది మొదటిసారి వెలువడింది. దీని ప్రకారం సమతల మార్గంలో ఒక మీటరు వెడల్పు నుండి నిమిషానికి 82 మంది బయటకు పోగలరని లెక్క వేస్తారు. అనగా మూడు మీటర్ల ద్వారం నుండి నిమిషానికి 246 మంది. ఈ లెక్క తెలిసిన నిర్వాహకుడు ఎన్ని టికెట్లు అమ్మవచ్చునో మైదానం వైశాల్యాన్ని బట్టి మాత్రమే కాక, ద్వారాల వెడల్పును బట్టి కూడా నిర్ణయిస్తాడు.

2010 జులై 24న జర్మనీలోని డ్యూయిస్‌బర్గ్‌లో లవ్ పరేడ్ సంగీతోత్సవంలో 21 మంది మరణించారు. లోపలికి వచ్చేవారు, బయటకు పోయేవారు ఒకే సొరంగ మార్గం, ఒకే వాలుదారి వాడవలసి రావడం అక్కడి ముఖ్య లోపం. 2015 జులై 14న గోదావరి పుష్కరాల మొదటి రోజున రాజమండ్రిలోని పుష్కర ఘాట్ వద్ద జరిగిన దుర్ఘటనలో 20 మందికి పైగా భక్తులు మరణించారు. ఊరిలో అనేక స్నానఘట్టాలున్నా జనం ఒకేచోట కేంద్రీకృతం కావడం అక్కడ కనిపించిన ప్రమాదకర పరిస్థితి. సంగీతోత్సవమైనా, తీర్థయాత్ర అయినా సమూహపు లెక్కలు ఒక్కటే.

పర్యావరణం

2012లో లండన్ ఒలింపిక్ క్రీడల సందర్భంగా ఐ.ఎస్.ఓ. 20121 అనే అంతర్జాతీయ ప్రమాణం వెలువడింది. కార్యక్రమాల వలన కలిగే చెత్త, విద్యుత్తు వాడకం, ప్రయాణాల భారం తగ్గించే పద్ధతులు ఇందులో ఉన్నాయి. దీనికి 2007 నాటి బ్రిటిష్ ప్రమాణం మూలం.

ఉపాధి అవకాశాలు

పట్టభద్రులు నాటకశాలలు, మ్యూజియాలు, ఉత్సవ సంస్థలు, స్థానిక ప్రభుత్వాల సాంస్కృతిక విభాగాలు, సమావేశ కేంద్రాలు, టికెట్ల సంస్థలు, స్వచ్ఛంద సంస్థలలో పనిచేస్తారు. నిధుల సేకరణ, వేదిక నిర్వహణ, ప్రేక్షక సంబంధాలు, కళాకారుల ప్రాతినిధ్యం ముఖ్యమైన వృత్తులు. ఈ రంగంలో పనులు చాలావరకు తాత్కాలికమైనవి. సాయంత్రాలు, సెలవు దినాలలో పనిచేయవలసి ఉంటుంది. 2020లో కోవిడ్ వ్యాధి వ్యాపించి వేదికలన్నీ మూతబడినప్పుడు ఈ రంగపు అస్థిరత స్పష్టమయింది. ఆ ఏడాది బ్రిటన్ ప్రభుత్వం సాంస్కృతిక సంస్థలకు 157 కోట్ల పౌండ్ల సహాయం ప్రకటించింది.

విమర్శలు

ఈ విద్యపై ప్రధానంగా మూడు విమర్శలున్నవి.

* అనుభవంతో నేర్చుకొనే పనికి డిగ్రీ అవసరం లేదని కొందరి వాదన. భద్రత, చట్టం, లెక్కలు అనుభవంతో నేర్చుకోవడమంటే ఇతరుల ప్రాణాలు, ధనంతో ప్రయోగం చేయడమేనని దీనికి సమాధానం.
* బ్రిటన్ చట్టం ప్రకారం చదువులో భాగంగా ఏడాదికి మించకుండా చేసే శిక్షణ పనికి కనీస వేతనం ఇవ్వనవసరం లేదు. జీతం లేకుండా నెలల తరబడి నగరంలో ఉండగల సంపన్న కుటుంబాల పిల్లలకే దీనివలన మేలు జరుగుతున్నదని విమర్శ. ఇంగ్లాండులో వార్షిక రుసుము పరిమితి 2012లో 9,000 పౌండ్లు కాగా, 2025లో 9,535 పౌండ్లకు చేరడంతో ఈ విమర్శకు బలం పెరిగింది.
* నిర్వహణ భాష కళను సరుకుగా మారుస్తుందని కళాకారుల ఆక్షేపణ. ఎన్ని సీట్లు నిండాయన్న లెక్కతోనే ప్రదర్శన విలువ కట్టితే, కొత్త ప్రయోగాలకు చోటు ఉండదని వీరి భావన.

భారతదేశంలో

భారతదేశంలో ఈవెంట్ మేనేజ్‌మెంట్ ఎక్కువగా డిప్లొమాలుగా, బి.బి.ఏ., ఎం.బి.ఏ. చదువులలో ఒక ప్రత్యేకాంశంగా బోధించబడుతున్నది. ఇక్కడి విద్యార్థి తెలుసుకోవలసిన చట్టాలు వేరు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడరాదు. పండుగల సందర్భంగా ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఉన్నది. రికార్డయిన పాటలను బహిరంగంగా వినిపించడానికి 1957 కాపీరైటు చట్టం క్రింద అనుమతి కావాలి. వివాహాది మతపరమైన వేడుకలకు ఇందులో మినహాయింపు ఉంది.

తెలుగునాట కళల నిర్వహణ విశ్వవిద్యాలయాలకంటె ముందే ఉన్నది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటక సమాజాలు తెరలు, దుస్తులు, వంట, ప్రయాణం, టికెట్ల అమ్మకం అన్నీ కుటుంబ సభ్యుల చేతుల మీదుగానే నడిపాయి. 1929లో తెనాలిలో ఏర్పడిన ఆంధ్ర నాటక కళా పరిషత్తు నాటక పోటీల సంప్రదాయాన్ని పెంపొందించింది. అమెరికాలో తెలుగు సంఘాలు జరిపే మహాసభలకు ఇప్పటికీ స్వచ్ఛంద కార్యకర్తలే ఆధారం. ఇటువంటి నిర్వహణలో నైపుణ్యం ఒక తరం నుండి మరొక తరానికి నోటిమాటగా అందుతుంది. దానిని వ్రాతలో, లెక్కలలో పెట్టి, సమాజం వెలుపలి వారికి కూడా అందుబాటులోకి తేవడమే విశ్వవిద్యాలయ విద్య చేసే పని.

ఇవీ చూడండి

* సురభి నాటక సమాజం
* ఆంధ్ర నాటక కళా పరిషత్తు
* ఎడిన్‌బరో ఉత్సవం
* గోదావరి పుష్కరాలు
* సాంస్కృతిక విధానం