ఒక్క యూనిట్ కరెంటుకు ఎంత బొగ్గు కాలాలి? ఎన్ని లీటర్ల నీరు పడాలి?

పొద్దున్నే మీరు గీజర్ స్విచ్ వేస్తారు. అదే సమయానికి విజయవాడ వన్‌టౌన్‌లో కొండ మీది ఇళ్లకు పంపులు నీళ్లు ఎక్కిస్తుంటాయి. ఈ రెండింటిలో కరెంటు ఎక్కువ తినేది ఏది? చాలామంది పంపు అనే అంటారు.

లెక్క చూడండి. గీజర్‌లో 15 లీటర్ల నీటిని 30 డిగ్రీల నుంచి 50 డిగ్రీలకు వేడి చేయడానికి దాదాపు 0.35 యూనిట్ కావాలి. వెయ్యి లీటర్ల నీటిని 60 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి, పంపులో, పైపుల్లో సగం వృథా అయినా 0.33 యూనిట్ చాలు. అంటే మీ ఒక్క స్నానానికి అయ్యే కరెంటుతో ఒక కుటుంబం రోజంతా వాడుకునే నీళ్లు కొండెక్కుతాయి.

ఎత్తులో ఉన్న నీటిలో దాగిన శక్తిని స్థితిశక్తి అంటాం. బొగ్గు, గ్యాస్ లాంటి ఇంధనాల్లో దాగింది రసాయన శక్తి. మనకు కరెంటు ప్రధానంగా ఈ రెండింటి నుంచే వస్తోంది (సోలార్, గాలి కరెంటు వాటా ఈమధ్య పెరుగుతోంది). కానీ రెండింటి బలంలో చాలా తేడా ఉంది.

ఇబ్రహీంపట్నంలో ఏం జరుగుతోంది?

డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం అంటే కొందరికి వెంటనే తట్టకపోవచ్చు. జనం నోట ఇప్పటికీ అది వీటీపీఎస్సే. 1979లో మొదటి యూనిట్‌తో మొదలై, 210 మెగావాట్లవి ఆరు, 500 మెగావాట్లది ఒకటి, 2023లో చేరిన 800 మెగావాట్లది ఒకటి కలిపి ఇప్పుడు దాని సామర్థ్యం 2,560 మెగావాట్లు.

అక్కడ బొగ్గును మెత్తటి పొడి చేసి కొలిమిలో మండిస్తారు. రసాయన శక్తి వేడిగా మారుతుంది. ఆ వేడికి నీరు ఆవిరై, ఆవిరి టర్బైన్‌ను నిమిషానికి 3,000 సార్లు తిప్పుతుంది. వేడి గతిశక్తి అయింది. టర్బైన్‌కు బిగించిన జనరేటర్ దాన్ని కరెంటు చేస్తుంది.

ప్రతి మెట్టులోనూ కొంత పోతుంది. ఎక్కువ పోయేది ఆవిరి దగ్గరే. బొగ్గులోని శక్తిలో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువే కరెంటు అవుతుంది. మిగతా దాంట్లో పెద్ద భాగం, ఆవిరిని తిరిగి నీరు చేసే కండెన్సర్ దగ్గర చల్లటి నీటిలో కలుస్తుంది. ఆ నీరు కృష్ణా నుంచి తీసుకున్నదే. ఇది ఎవరో సరిగా పని చేయకపోవడం వల్ల వచ్చే నష్టం కాదు. వేడిని మొత్తంగా కదలికగా మార్చే యంత్రం ఏదీ ఉండదు. కొత్త యూనిట్లు పాత వాటికంటే కొంత మెరుగు, అంతే.

అందుకే ఒక్క యూనిట్‌కు 650 నుంచి 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. అందులో మూడో వంతు అటూఇటుగా బూడిదే మిగులుతుంది. కేంద్రం పూర్తి సామర్థ్యంతో గంట నడిస్తే సుమారు 1,700 టన్నులు కావాలి. ఒక గూడ్స్ రైలు తెచ్చేది దాదాపు 4 వేల టన్నులు. రెండున్నర గంటలు తిరగకుండానే ఒక రైలు బొగ్గు బూడిదవుతుందన్నమాట.

మరి నీళ్లతో?

100 మీటర్ల ఎత్తు నుంచి నీరు పడితే ఒక యూనిట్‌కు సుమారు 4 వేల లీటర్లు కావాలి. అటు 700 గ్రాముల బొగ్గు, ఇటు 4 టన్నుల నీరు. శ్రీశైలం, నాగార్జునసాగర్‌లకు అంత పెద్ద జలాశయాలు అవసరమయ్యాయంటే ఇదీ ఒక కారణమే.

ఎత్తు తగ్గేకొద్దీ పరిస్థితి మారిపోతుంది. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ నిలిపే నీటి ఎత్తు 12 అడుగులు. అంత ఎత్తు నుంచి ఒక యూనిట్ రావాలంటే లక్షా పదివేల లీటర్లు పడాలి. బ్యారేజీలో నిండుగా ఉండే 3.07 టీఎంసీలూ అలా వాడేసినా, ఇబ్రహీంపట్నం కేంద్రం 20 నిమిషాల్లో ఇచ్చే కరెంటు కూడా రాదు. డెల్టా కాలువలకు నీళ్లు మళ్లించడమే బ్యారేజీ పని, అది చేస్తోంది.

అలాగని నదిని తక్కువ అంచనా వేయకండి. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కొట్టుకొచ్చిన బోట్లు గేట్ల కౌంటర్‌వెయిట్లను విరగ్గొట్టాయి. అది కూడా ఎత్తు నుంచి దిగిన నీరు పోగేసుకున్న గతిశక్తే.

జల విద్యుత్తుకు బొగ్గుకు లేని సుగుణం ఒకటుంది. గేటు ఎత్తితే నిమిషాల్లో టర్బైన్ అందుకుంటుంది. చల్లారిన బాయిలర్‌ను మళ్లీ వేడెక్కించాలంటే గంటలు పడుతుంది. సాయంత్రం అందరిళ్లలో లైట్లు, ఏసీలు ఒక్కసారిగా పడేవేళ నీరు ఆదుకునేది అందుకే. శ్రీశైలం ఎడమ గట్టు కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరున్నాయి. కరెంటు మిగిలినప్పుడు అవే వెనక్కి తిరిగి నీటిని పైకి తోడగలవు. మన కొండ మీది ట్యాంకు పనే, చాలా పెద్ద ఎత్తున.

మీ బిల్లుతో సంబంధం ఏమిటి?

బిల్లులో ఇంధన, విద్యుత్ కొనుగోలు ఖర్చుల సర్దుబాటు పేరుతో ఒక వరుస ఉంటుంది. బొగ్గు, బయటి కరెంటు ముందు వేసిన అంచనా కంటే ఖరీదైతే ఆ తేడా అక్కడ పడుతుంది. జలాశయాలు నిండని ఏడాది నీటి కరెంటు తగ్గి, ఆ లోటు బొగ్గుతోనో కొనుగోలుతోనో పూడ్చాలి.

ఇండక్షన్ స్టవ్‌కు మారదామా అనుకునేవారికి ఒక లెక్క. 14.2 కిలోల సిలిండర్‌లో సుమారు 180 యూనిట్లకు సమానమైన వేడి ఉంటుంది. మామూలు స్టవ్ మీద గిన్నెకు చేరేది అందులో మూడింట రెండు వంతులు. అదే వంట ఇండక్షన్ మీద చేస్తే 140 యూనిట్ల దాకా కాలుతుంది. మీరు ఏ శ్లాబులో ఉన్నారో చూసి, ఆ పై యూనిట్ల రేటుతో 140ని గుణించి సిలిండర్ ధరతో పోల్చుకోండి. ఎండాకాలంలో ఏసీ వాడే ఇళ్లలో లెక్క తిరగబడవచ్చు.

కొండ ప్రాంతాల్లో ఉండేవారికి ఇంకో మాట. కరెంటు పోయినా, మీ ఇంటికంటే ఎత్తులో ఉన్న ట్యాంకులో నీళ్లుంటే అవి కిందికి వస్తూనే ఉంటాయి. ట్యాంకుకు సమానంగానో అంతకంటే పైనో ఇల్లుంటే మాత్రం పంపు ఆగగానే కుళాయీ ఆగుతుంది. అలాంటి ఇళ్లవాళ్లు కోత ఉంటుందని తెలిసిన రోజు ముందే డ్రమ్ము నింపుకోవాలి. సరఫరా ఎప్పుడొస్తుందో కనుక్కోవడానికి డిస్కం నంబరు 1912.