డిటెక్టర్ పడకుండా

1851 జూలై 22, ఉదయం 11 గంటల 35 నిమిషాలు. లండన్ వెస్ట్‌మిన్‌స్టర్‌లో గ్రేట్ జార్జ్ వీధి, 34వ నంబరు ఇల్లు. మీ ముందు ఇనుప తలుపు, దానికి చబ్ కంపెనీ తాళం. వెనక సాక్షులు నిలబడి ఉన్నారు. ఈ పూటకి మీరు ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్. గ్రేట్ ఎగ్జిబిషన్‌కి అమెరికా నుంచి వచ్చిన తాళాల నిపుణుడు. తాళంచెవి లేకుండా తెరుస్తానని ఒప్పుకున్నది మీరే. ఇక వెనక్కి తగ్గడం కుదరదు.

కన్నంలోకి తొంగి చూసి లాభం లేదు, చీకటి. వేళ్లకి తగిలినంతే మీకు తెలిసేది. ఒక పనిముట్టుతో గడియని తెరుచుకునే వైపు నెట్టి పట్టుకోండి. మెల్లగా. గట్టిగా నొక్కితే లోపలి పలకలు, అంటే లివర్లన్నీ, బిగుసుకుపోయి ఏది ఏదో తేలదు. రెండో పనిముట్టుతో ఒక్కొక్క లివర్‌నీ తడమండి. మొదటిది వదులుగా స్ప్రింగు మీద ఆడుతోంది. తర్వాతదీ అంతే. ఆ పక్కది మాత్రం మొరాయిస్తోంది.

మీక్కావలసింది అదే. ఎందుకంటారా? లోపలున్నవి ఆరు లివర్లు. ఒక్కోదానికీ ఒక గాడి. ఆరు గాళ్లూ ఒకే వరసకి వస్తేనే గడియకున్న మేకు వాటిలోంచి దూరుతుంది. తాళంచెవి చేసే పనల్లా ఇదే. కానీ ఆరింటినీ వెంట్రుకవాసి తేడా లేకుండా కోయగల పనివాడు ఇంకా పుట్టలేదు. కుంటి మంచం బరువు ఒక కోడు మీదే పడ్డట్టు, మీ ఒత్తిడంతా ఒక లివర్ మీదే పడుతుంది. దాన్ని లేపండి. గడియ రవ్వంత జరిగింది. చేతికి తెలిసింది కదా? ఇప్పుడు మొరాయించేది ఇంకోటి.

ఇంతేనా అనుకోకండి. 1818లో జెరెమియా చబ్ ఈ రకం తాళంలో డిటెక్టర్ పెట్టాడు. లివర్‌ని లేపవలసిన దానికన్నా ఎక్కువ లేపారో, ఒక స్ప్రింగు దాన్ని పట్టేస్తుంది. ఆ తర్వాత అసలు తాళంచెవి పెట్టినా వెంటనే తెరుచుకోదు. ఎవరో చెయ్యి పెట్టారని యజమానికి తెలిసిపోతుంది. పోర్ట్స్‌మత్ ఖైదీల ఓడలో తాళాలపని తెలిసిన ఒక ఖైదీకి, ఇది తెరిస్తే క్షమాభిక్ష ఇస్తామన్నారు. వారాల తరబడి కుస్తీపట్టి చేతులెత్తేశాడు.

ఇంకో లివర్. లేపండి. ఇంకాస్త. బిగుసుకుంది. మీ చెయ్యి చెమర్చింది. నెట్టాలా? వదలాలా? వదిలితే లేపినవన్నీ కింద పడతాయి. నెడితే డిటెక్టర్ పడొచ్చు. ఊపిరి బిగబట్టండి. ఒత్తిడి తగ్గించండి. కొంచెమే. మళ్లీ లేపండి. వెంట్రుకంత. ఆగండి. జరిగింది. ఆఖరుది. మెల్లగా. మెల్లగా...

గడియ వెనక్కి పోయింది. 25 నిమిషాలు.

సాక్షులు అంతటితో వదల్లేదు. మళ్లీ వెయ్యమన్నారు. 7 నిమిషాల్లో వేసేశారు, తాళానికి గీత పడలేదు. నన్నడిగితే తెరవడం కన్నా ఇదే గొప్ప. పగలగొట్టి తెరవడానికి సుత్తి ఉంటే చాలు.

ఆ ఎండాకాలంలోనే హాబ్స్ పికడిల్లీలో బ్రామా అనే తాళాల కంపెనీ అద్దాల కిటికీలో దశాబ్దాలుగా సవాలు విసురుతున్న తాళాన్నీ తెరిచాడు. దానికి 16 రోజుల్లో 51 గంటలు పట్టింది, 200 గినీల పందెం దక్కింది. దొంగలకి దారి చూపిస్తున్నాడని కొందరు గోలపెట్టారు. తాళంలో లోపం దొంగలకి ముందే తెలుసు, తెలియనిది కొనేవాళ్లకే అన్నది హాబ్స్ పక్షం. నాదీ అదే పక్షం.

మీ ఇంట్లో తాళంకప్ప మీద ‘7 లివర్స్’ అని ఉందేమో చూడండి. ఇదే జాతి. చెయ్యి దురద పెడితే బజారులో ఒక చవక తాళం కొనుక్కుని దానిమీద నేర్చుకోండి. ఈ సరదా ఉన్నవాళ్లు పాటించే షరతులు రెండు: తాళం మీదై ఉండాలి, వాడకంలో ఉన్నది కాకూడదు. వీధి తలుపు తాళం జోలికి మాత్రం వెళ్లకండి. లోపల ఏదైనా విరిగితే ఆ రాత్రి అరుగు మీదే పడుకోవాలి.