రాచపుండును ఎముకల ఛాయలును

1889వ సంవత్సరమున స్టీఫెన్ పేజెట్ అను లండను వైద్యుడు, రొమ్మున క్యాన్సరు పుట్టి మరణించిన 735 మంది స్త్రీల శవపరీక్షల వ్రాతలను తిరుగవేసి యొక వింత కనిపెట్టెను. మన పెద్దలు రాచపుండనిన యీ వ్యాధి రక్తము పారినచోట్లకెల్ల సమముగ వ్యాపింపక, కాలేయమును, ఎముకలను ఏరికోరి పట్టుచున్నది. విత్తనము ఎక్కడ పడినను తగిన నేలయందే మొలచునని యాతడు సమాధానము చెప్పెను. బీజక్షేత్రముల వాదము మన ధర్మశాస్త్రములు చదివినవారికి క్రొత్తది కాదు. కాని మనవారు దానితో బిడ్డ యెవనికి చెందవలెనను తగవు తీర్చికొనిరి. పేజెట్ దానిని రోగి దేహమునందు వెదకెను.

ఆతనికి శవములే ఆధారము. బ్రతికియున్నవాని యెముకను చూచు మార్గము 1895 నవంబరు 8వ తేదీన వుర్త్సుబర్గు నగరమున రాంట్‌జెన్ పండితునకు దొరికెను. డిసెంబరు 22న ఆయన తన భార్య చేతి నీడను పట్టగా, అందు ఎముకలును, వ్రేలి యుంగరమును కానవచ్చెను. ఈ కిరణమే క్యాన్సరును పుట్టింపగలదని తెలియుటకు మాత్రము ప్రాణములు పోవలసి వచ్చినది. ఎడిసన్‌కు సహాయుడైన క్లారెన్స్ డాలీ, చేతులు రెండును కోసివేసినను బ్రతుకక 1904లో మరణించెను.

ఎక్సురే ఛాయకు ఒక కొరత కలదు. ఎముకలోని సున్నపుసారము ఇంచుమించు మూడవవంతు పోయినగాని అందు తేటపడదు. అప్పటికి వ్యాధి వేళ్లు తన్నియుండును. 1971లో అమెరికాలోని సిరక్యూజ్ నగరమున గోపాల్ సుబ్రహ్మణ్యం, మెకాఫీ అనువారు టెక్నీషియమను ధాతువును ఫాస్ఫేటుతో గూర్చి నరమున నెక్కించిరి. ఆరు గంటలలో సగము తేజస్సు నశించు నీ ధాతువు, క్యాన్సరు చుట్టును ఎముక తన్ను తాను మరల కట్టుకొను తావుల చేరి వెలుగును. కీళ్లవాతమున్న చోటను, విరిగి అతుకుకొను చోటను అట్లే వెలుగును గనుక, ఆ చిత్రమును చదువుట అందరికిని సాధ్యము కాదు.

చికిత్సయే ఎముకను తినివేయు సందర్భములును కలవు. పురుష హార్మోనును అణచినచో ప్రోస్టేటు క్యాన్సరు తగ్గునని 1941లో చార్లెస్ హగ్గిన్స్ చూపెను. కాని ఆ హార్మోను పోయిన యెముక పలుచనగును. క్యాన్సరును జయించినవాడు స్నానాల గదిలో జారిపడి తుంటి విరుగగొట్టుకొనిన, ఆ జయమేపాటిది? ఎముక సాంద్రతను కొలుచు పద్ధతిని 1963లో కామెరన్, సోరెన్సన్ అనువారు విస్కాన్సిన్‌లో వెలువరించిరి. రెండు శక్తుల ఎక్సు కిరణములతో కొలుచు యంత్రములు 1987లో వచ్చినవి.

ఇక కండల సంగతి. 1971 అక్టోబరు 1న లండనులో హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన సి.టి. యంత్రముతో తొలి రోగిని పరీక్షించిరి. అతని కొలమానమున నీరు సున్న; క్రొవ్వు సున్నకు దిగువ, కండ దానికి పైన. కావున క్రొవ్వును, కండను లెక్కపెట్టి వేరుచేయవచ్చును. 2008లో కెనడాలోని ఆల్బర్టా పరిశోధకులు స్థూలకాయులైన 250 మంది క్యాన్సరు రోగుల చిత్రములను చూడగా, 15 శాతము మందికి లోపల కండ క్షీణించియుండెను. వారి యాయువును తక్కువయ్యెను. మన యిండ్లలో “ఒళ్లు చేసినాడు” అనుట మెచ్చుకోలు. ఆ యొళ్లు దేనితో చేసినదో త్రాసు చెప్పదు.

అయినను పెక్కు క్యాన్సరు మందుల మోతాదును ఎత్తు, బరువులను బట్టి దేహపు టుపరితలమును గణించియే నిర్ణయింతురు. ఆ గణనకు ప్రసిద్ధమైన డుబాయ్ సూత్రము 1916లో తొమ్మిదిమందిని మాత్రమే కొలిచి కట్టినది! ఎత్తు, బరువులు సమానమైన యిద్దరికి ఒకే మోతాదు పడును. కండ తక్కువైనవానికి అది విషప్రాయము కావచ్చును.

మూడవ నడుము పూస యొద్ద తీసిన ఒక్క అడ్డుకోత చిత్రముతో దేహమందలి కండను అంచనా వేయవచ్చును. గడ్డను చూచుటకై తీసిన చిత్రమే చాలును, క్రొత్తది అక్కరలేదు. పూసయు, కండయు, క్రొవ్వును ఆ చిత్రముననే యున్నవి. గడ్డ కొలతలు మాత్రము వ్రాసి తక్కినవానిని విడిచిపెట్టిన చీటీలే నేటికిని రోగుల చేతికి తరచుగ వచ్చుచున్నవి.