హుగ్లీ ఖైదీ నిద్ర

మత్తుమందులు ఇంకా వాడుకలోకి రాని కాలమది. 1845 ఏప్రిల్ 4న వంగదేశంలోని హుగ్లీలో స్కాట్లండు వైద్యుడు జేమ్స్ ఎస్డెయిల్, శస్త్రచికిత్స పొందుతున్న ఒక ఖైదీపై మెస్మెరిజాన్ని తొలిసారి ప్రయోగించినాడు. మోకాలికి నిప్పు తాకించినా ఆ ఖైదీ చలించలేదట.

పిమ్మట రోగులపై గంటల తరబడి చేతులాడించి నిద్రపుచ్చినవారు ఎస్డెయిల్ క్రింద పనిచేసిన హిందూ, ముస్లిం యువకులే. వారి పేర్లను తలచేవారు అరుదు. 1846లో కలకత్తాలో ఇందుకొక ఆసుపత్రి సైతం వెలసినది. 1847లో క్లోరోఫారం వచ్చిన పిమ్మట ఆ విద్య మూలబడినది.

మాంచెస్టరు వైద్యుడు జేమ్స్ బ్రెయిడ్ 1843 నాటి గ్రంథంలో ఇట్టి స్థితికి, నిద్ర అనే అర్థంగల గ్రీకు పదంనుండి పేరు కూర్చినాడు. అది నిద్ర కాదని తోచి 1847లో ఏకభావాన్ని తెలిపే మరొక పేరు సూచించినాడు. అది నిలువలేదు. మనవారు వశీకరణమన్నారు. ఎవరి వశం? అనువాదకునికి ఈ ప్రశ్న తప్పదు. యోగుల సమాధిని సైతం బ్రెయిడ్ ఈ కోవలోనే చేర్చినాడు గదా!

1961లో ఢిల్లీ శాస్త్రజ్ఞులు ఆనంద్, ఛీనా, బల్‌దేవ్ సింగ్ ప్రకటించిన పరిశోధనలో ఇద్దరు యోగులు 4 డిగ్రీల చన్నీటిలో 45 నిమిషాలకు పైగా చేయి ఉంచినా మెదడులోని ఆల్ఫా తరంగాలు చెదరలేదు. 1997లో మాంట్రియల్ పరిశోధకులు, హిప్నాసిస్‌లో ఇచ్చిన సూచనలవల్ల నొప్పిలోని దుస్సహత్వం మారినప్పుడు సింగ్యులేట్ భాగపు చలనం మారినదనీ, స్పర్శను గ్రహించే భాగం అట్లు మారలేదనీ చూపినారు.

మెదడులో పోలికలుండవచ్చు. అయినా యోగి స్థితిని ‘స్వయంవశీకరణ’మని వ్రాయుటకు నా కలం సాగదు. ఆ చన్నీటిలో యోగి తన చేతిని తానే ఉంచినాడు. హుగ్లీలో నిప్పు పట్టినది వైద్యుని చేయి.